బట్ బదులు ఏం వాడాలి? జాబితాలు బోలెడు, వాడే పద్ధతి మాత్రం ఎవరూ చెప్పరు

తెల్లకాగితం
ఇంగ్లీషులో రాస్తుంటే బట్ పదే పదే వస్తుంది. దానికి బదులు ఏం వాడాలని వెతికితే దొరికేవన్నీ జాబితాలే. ముప్పై మాటలని ఒకడు, నలభై మాటలని ఇంకొకడు. హౌఎవర్, ఆల్దో, డిస్పైట్, వేరాజ్, నెవర్‌దలెస్, ఆన్ ద కాంట్రరీ అన్నీ ఒకే వరసలో పేర్చి వదిలేస్తారు. ఒకటి తీసి ఇంకోటి పెట్టేయొచ్చా, వాక్యం కూడా మార్చాలా, కామా ఎక్కడ పడాలి అన్నది ఒక్కడూ చెప్పడు. కింద ఒక పేరా పెడుతున్నాను. ఐదు బట్‌లున్నాయి. మీరైతే ఎలా మారుస్తారు, ఎందుకు?

ఎలక్ట్రిక్ కార్స్ కాస్ట్ మోర్, బట్ దే ఆర్ చీప్ టు రన్. బట్ ఛార్జింగ్ టేక్స్ టైమ్. పెట్రోల్ కార్స్ ఫిల్ అప్ ఇన్ ఫైవ్ మినిట్స్, బట్ దే పొల్యూట్ ది ఎయిర్. బట్ పీపుల్ స్టిల్ బై దెమ్. ద బ్యాటరీ ఈజ్ నాట్ ఎ వీక్‌నెస్, బట్ ఎ స్ట్రెంగ్త్.

మాటకారి
ఒకటి వదిలి ఒకటి హౌఎవర్ పెట్టేయండి. పదం మారితే చాలు కదా.

ఎర్రపెన్ను
చాలదండీ. బట్ తీసి అదే చోట హౌఎవర్ పెడితే మొదటి వాక్యమే తప్పవుతుంది. ఎలక్ట్రిక్ కార్స్ కాస్ట్ మోర్, కామా, హౌఎవర్ దే ఆర్ చీప్ టు రన్. బట్‌కి రెండు వాక్యాలను కలిపే శక్తి ఉంది, హౌఎవర్‌కి లేదు. ఉత్త కామాతో రెండు పూర్తి వాక్యాలను అతికించడాన్నే కామా స్ప్లైస్ అంటారు. దిద్దేవాళ్లు ముందు పట్టుకునేది దాన్నే.

మాటకారి
మరి హౌఎవర్ ముందు ఏం పెట్టాలి?

సెమీకోలన్
నా పేరులో ఉన్నదే. లేదంటే ఫుల్‌స్టాప్.

ఈ మాటలు వాక్యంలో నాలుగు రకాలుగా పనిచేస్తాయి. ఏ మాట ఏ రకమో తెలిస్తే కామా గొడవ చాలావరకు తీరిపోతుంది.

బట్, యెట్ ఒక రకం. రెండు పూర్తి వాక్యాల మధ్య నిలబడి కలుపుతాయి. వాటి ముందు కామా, తర్వాత ఏమీ పెట్టకూడదు.

ఆల్దో, దో, ఈవెన్ దో, వైల్, వేరాజ్ ఇంకో రకం. ఇవి తగిలిన వాక్యం ఉపవాక్యం అయిపోతుంది, ఒంటరిగా నిలబడదు. ఆల్దో ఇట్ రెయిన్డ్ అని ఫుల్‌స్టాప్ పెడితే అది సగం వాక్యమే. ఉపవాక్యం ముందొస్తే అది ముగిసిన చోట కామా తప్పనిసరి.

హౌఎవర్, నెవర్‌దలెస్, నన్‌దలెస్, ఆన్ ది అదర్ హ్యాండ్, ఇన్ కాంట్రాస్ట్ ఇవి క్రియావిశేషణాలు. అర్థాన్ని ముడివేస్తాయి గానీ వ్యాకరణపరంగా వాక్యాల్ని కలపవు. ముందు ఫుల్‌స్టాప్ గానీ సెమీకోలన్ గానీ, తర్వాత కామా.

డిస్పైట్, ఇన్ స్పైట్ ఆఫ్, అన్‌లైక్ విభక్తి ప్రత్యయాల్లాంటివి. వీటి వెనక నామవాచకం రావాలి, లేదా క్రియకు ఇంగ్ చేర్చిన రూపం రావాలి. కర్త, క్రియ ఉన్న పూర్తి వాక్యం పట్టదు.

నీలిసిరా
ఏ మాట ఏ రకమో గుర్తులేకపోతే జరిపి చూడండి. హౌఎవర్ తన వాక్యంలో ఎక్కడికైనా జరుగుతుంది. ద రోడ్, హౌఎవర్, వజ్ క్లోజ్డ్ అనొచ్చు. ద రోడ్, బట్, వజ్ క్లోజ్డ్ అనలేం. ఆల్దో విషయంలో ఆ ముక్క మొత్తాన్నీ ముందుకు తీసుకురావచ్చు, వెనక్కి తోయొచ్చు. వి వెంట్ అవుట్ ఆల్దో ఇట్ వజ్ రెయినింగ్, లేదా ఆల్దో ఇట్ వజ్ రెయినింగ్, వి వెంట్ అవుట్. బట్ ఉన్న ముక్కను అలా ముందుకు తెస్తే వాక్యం కూలిపోతుంది.

గాలిపటం
బట్ తర్వాత కామా వద్దన్నారు. నాకు తెలిసి సగం మంది పెడతారు.

ఎర్రపెన్ను
తెలుగులో కానీ అన్నాక ఒక క్షణం ఆగుతాం. ఆ ఆగడమే ఇంగ్లీషులో కామా అయి కూర్చుంటుంది. బట్ వెంటనే మధ్యలో చొప్పించిన ముక్క ఉంటేనే కామా పడుతుంది. బట్, యాజ్ యు నో, ద ఆఫీస్ ఈజ్ క్లోజ్డ్. అక్కడ రెండు కామాలూ ఆ చొప్పించిన ముక్కవి, బట్‌వి కావు.

అక్షరకూలీ
అందరూ కామాల మీదే పడ్డారు. అసలు చూడాల్సింది అర్థం. బట్ అనే ఒక్క మాట మూడు పనులు చేస్తుంది. దాని బదులుగా ఇచ్చే మాటల్లో ఎక్కువ భాగం వాటిలో ఒక్క పనే చేస్తాయి. జాబితాలతో వచ్చే చిక్కంతా ఇదే.

ఒకటి, రెండు వేర్వేరు వాటిని పక్కపక్కన పెట్టి తేడా చూపడం. అన్న పొడుగు, తమ్ముడు పొట్టి. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఇక్కడ వేరాజ్, వైల్, ఇన్ కాంట్రాస్ట్ సరిపోతాయి.

రెండు, మొదటిది విని ఒకటి అనుకుంటాం, రెండోది దానికి అడ్డం తిరుగుతుంది. వాన పడింది, ఆట ఆగలేదు. ఇక్కడ ఆల్దో, డిస్పైట్, నెవర్‌దలెస్, యెట్, స్టిల్ పనికొస్తాయి.

మూడు, ఒకటి కాదని చెప్పి దాని చోట ఇంకోటి పెట్టడం. ఆయన డాక్టరు కాదు, లాయరు. నాట్ ఎ డాక్టర్ బట్ ఎ లాయర్. ఇక్కడ హౌఎవర్, ఆల్దో, డిస్పైట్ ఏవీ పనిచేయవు. రెండు వాక్యాలుగా విడగొడితే రాదర్, ఇన్‌స్టెడ్ లాంటివి పనికొస్తాయి.

హి స్టడీడ్ హార్డ్, వేరాజ్ హి ఫెయిల్డ్ అని రాసేవాళ్లున్నారు. యెట్ రావాల్సిన చోట వేరాజ్ వచ్చింది. కామా సరిగ్గానే ఉంది, వాక్యం మాత్రం తప్పు.

చిత్తుప్రతి
అక్షరకూలీ గారితో ఒక్క చోట విభేదిస్తాను. హౌఎవర్ మొదటి రెండు పనులూ చేస్తుంది. జాబితాలన్నిటిలో అది ముందుండటానికి కారణం అదే. కాబట్టి అర్థం చూసుకున్నాక కూడా సెమీకోలన్ గారి నాలుగు రకాలు చూడాల్సిందే.

అక్షరకూలీ
ఒప్పుకుంటాను. ముందు అర్థం, తర్వాత చోటు. ఆ వరస తప్పకూడదన్నదే నా మాట.

గాలిపటం
జర్మన్‌లో ఆ మూడో పనికి వేరే మాటే ఉంది. మామూలు కానీకి ఆబర్, కాదని సరిదిద్దడానికి జోండర్న్. స్పానిష్‌లోనూ పేరో, సీనో అని రెండు. ఇంగ్లీషు వాళ్లు మూడూ ఒక్క బట్ నెత్తిన పెట్టారు, పాపం.

రెండోడ్రాఫ్ట్
ఇక ఆ పేరా సంగతి చూద్దాం.

ఆల్దో ఎలక్ట్రిక్ కార్స్ కాస్ట్ మోర్, దే ఆర్ చీప్ టు రన్. ఛార్జింగ్, హౌఎవర్, టేక్స్ టైమ్. పెట్రోల్ కార్స్ ఫిల్ అప్ ఇన్ ఫైవ్ మినిట్స్ బట్ పొల్యూట్ ది ఎయిర్. పీపుల్ స్టిల్ బై దెమ్. ద బ్యాటరీ ఈజ్ నాట్ ఎ వీక్‌నెస్ బట్ ఎ స్ట్రెంగ్త్.

మొదటి బట్ పోయి ఆల్దో వచ్చింది. రెండోదానికి హౌఎవర్‌ని ఛార్జింగ్ తర్వాత పెట్టాను. అలా పెడితే నొక్కు ఛార్జింగ్ మీద పడుతుంది, విషయం మారిందని చదివేవాళ్లకు వెంటనే తెలుస్తుంది. మూడో బట్ అలాగే ఉంచి రెండో కర్తను, అంటే ఆ దే ని తీసేశాను. రెండో కర్త లేకపోతే అది పూర్తి వాక్యం కాదు, అందుకే కామా కూడా పోయింది. నాలుగో చోట స్టిల్ ఉంది కాబట్టి బట్ అక్కర్లేదు, ఒకే పనికి రెండు మాటలెందుకు? ఐదోది కాదని సరిదిద్దే బట్, దాన్ని కదపకూడదు, కామా మాత్రం తీసేయాలి. ఐదులో మిగిలినవి రెండు.

చిత్తుప్రతి
బాగుంది. ఒక్కటి. ఛార్జింగ్ వాక్యం, పెట్రోల్ వాక్యం పక్కపక్కనే ఉన్నాయి, రెండూ సమయం గురించే. వేరాజ్ పుట్టింది ఇలాంటి చోట వాడటానికే. ఛార్జింగ్ టేక్స్ టైమ్, వేరాజ్ ఎ పెట్రోల్ ట్యాంక్ ఫిల్స్ ఇన్ ఫైవ్ మినిట్స్. కాలుష్యం సంగతి వేరే వాక్యంలో చెప్పొచ్చు.

నీలిసిరా
మొదటి వాక్యంలో ఆల్దో ఎటు పెట్టాలన్నది మీ వాదన బట్టి ఉంటుంది. ఆల్దో తగిలిన ముక్క వెనక్కి తగ్గుతుంది, బరువంతా రెండో ముక్క మీద పడుతుంది. రెండోడ్రాఫ్ట్ రాసినట్టు రాస్తే కారు కొనమన్నట్టు. ఆల్దో దే ఆర్ చీప్ టు రన్, ఎలక్ట్రిక్ కార్స్ కాస్ట్ మోర్ అంటే వద్దన్నట్టు. సమాచారం అదే, తీర్పు మారిపోయింది. బట్‌తో ఈ పని ముక్కల వరస మారిస్తేనే జరుగుతుంది. ఆల్దోతో వరస ఎలా ఉన్నా ఏది ముఖ్యమో తెలిసిపోతుంది.

తెల్లకాగితం
ఇది ఏ జాబితాలోనూ లేదు. ఆఫీసు మెయిళ్లకు కూడా ఇదే వర్తిస్తుందా?

నీలిసిరా
ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. ద రిపోర్ట్ ఈజ్ గుడ్, బట్ ఇట్ ఈజ్ లేట్ అని రాస్తే అవతలివాళ్లకు ఆలస్యం ఒక్కటే గుర్తుంటుంది. ద రిపోర్ట్ ఈజ్ లేట్, బట్ ఇట్ ఈజ్ గుడ్ అంటే మెచ్చుకున్నట్టు. ఏది గుర్తుండాలో అది చివర రాయండి.

గాలిపటం
ఆల్దో పెట్టి తర్వాత బట్ కూడా పెట్టేవాళ్ల సంగతేంటి? ఆల్దో ఇట్ వజ్ రెయినింగ్, బట్ వి వెంట్ అవుట్. మనవాళ్ల రాతల్లో ఎక్కడ చూసినా ఇదే.

మాటకారి
అది తెలుగు ప్రభావం.

ప్రూఫుకాపీ
తెలుగు ప్రభావం ఎలా అవుతుంది? వాన పడినా వెళ్లాం అంటాం. పడినా లో ఉన్న ఆ ఒక్క నా తో పని అయిపోతోంది, రెండో మాట లేదు. తెలుగులో ఒకటే ఉంటే ఇంగ్లీషులో రెండెందుకు వస్తాయి?

అక్షరకూలీ
రాసే తెలుగులో ఒకటే. మాట్లాడే తెలుగులో రెండూ కలిసే వస్తాయి. ఎంత చెప్పినా గానీ వినడు. ఎంత చదివినా గానీ బుర్రకెక్కలేదు. చెప్పినా, చదివినా ల చివరనున్న ఆ నా పక్కనే గానీ అలవాటుగా వచ్చేస్తుంది, మనకేం తప్పనిపించదు. ఆ జంటే ఇంగ్లీషులో ఆల్దో, బట్ అయి దిగుతోంది. ఇంగ్లీషులో ఆ రెండిట్లో ఒకటే ఉండాలి.

ఎర్రపెన్ను
దో తర్వాత యెట్ మాత్రం పాత ఇంగ్లీషు రచనల్లో కనిపిస్తుంది, తప్పు కాదు. ఇప్పుడు రాస్తే పాతకాలపు వాసన వస్తుంది. బట్ హౌఎవర్, బట్ నెవర్‌దలెస్ లాంటి జంటల్ని నిర్దాక్షిణ్యంగా కొట్టేయండి. అండ్ యెట్ మాత్రం చక్కగా నడుస్తుంది, ఎందుకంటే అండ్ అక్కడ ఎదురు చెప్పడం లేదు, కలుపుతోందంతే.

ప్రూఫుకాపీ
గానీ సంగతి ఒప్పుకున్నాను. పడినా, చెప్పినా లోని ఆ నా వల్లే ఇంకో పెద్ద తప్పు జరుగుతోంది, అది ఈవెన్ తో. ఈవెన్ ఐ టోల్డ్ హిమ్, హి డిడ్ నాట్ కమ్. నేను చెప్పినా రాలేదు అని వాళ్ల ఉద్దేశం. ఈవెన్ కి వాక్యాల్ని కలిపే శక్తి లేదు. పక్కనున్న మాటను నొక్కి చెబుతుంది, అంతే. ఈవెన్ ఐ టోల్డ్ హిమ్ అంటే నేను సైతం చెప్పాను అని అర్థం. ఈవెన్ పక్కన దో గానీ, ఇఫ్ గానీ, వెన్ గానీ చేర్చాలి.

తెల్లకాగితం
ఈవెన్ దో, ఈవెన్ ఇఫ్ రెండూ ఒకటేనా?

ప్రూఫుకాపీ
కాదు. వాన పడినా మ్యాచ్ జరుగుతుంది అన్న వాక్యం తీసుకోండి. వాన పడుతుందో లేదో తెలియదు, పడితే పడనీ అంటే ఈవెన్ ఇఫ్. ఈవెన్ ఇఫ్ ఇట్ రెయిన్స్, ద మ్యాచ్ విల్ గో ఆన్. కిటికీలోంచి వాన కనిపిస్తూనే ఉంది అంటే ఈవెన్ దో. ఈవెన్ దో ఇట్ ఈజ్ రెయినింగ్, ద మ్యాచ్ ఈజ్ గోయింగ్ ఆన్. తెలుగులో రెండిటికీ పడినా ఒక్కటే సరిపోతుంది కాబట్టి ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు ఆగి చూసుకోవాలి. జరిగిందీ, జరుగుతున్నదీ అయితే దో. ఊహ అయితే ఇఫ్.

దరఖాస్తులో ఈవెన్ ఇఫ్ ఐ హావ్ ఫైవ్ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్ అని రాస్తే ఆ ఐదేళ్లు నిజంగా ఉన్నాయా అన్న అనుమానం వాళ్లకు మీరే కలిగించినట్టు.

గాలిపటం
ఆ చివరి ఉదాహరణ ప్రింటు తీసి గోడకు అంటించాలి.

సెమీకోలన్
డిస్పైట్ తప్పులు కూడా ఇక్కడే చెప్పేస్తాను. డిస్పైట్ ఆఫ్ అనేది లేదు. ఆఫ్ ఉండేది ఇన్ స్పైట్ తోనే. డిస్పైట్ హి వజ్ టయర్డ్ తప్పు, వెనక పూర్తి వాక్యం వచ్చేసింది. డిస్పైట్ టయర్డ్ కూడా తప్పు, టయర్డ్ విశేషణం. డిస్పైట్ బీయింగ్ టయర్డ్, లేదా డిస్పైట్ హిజ్ టయర్డ్‌నెస్. వాక్యమే కావాలంటే డిస్పైట్ ద ఫ్యాక్ట్ దట్ హి వజ్ టయర్డ్, కానీ అంత తోక తగిలించేకన్నా ఆల్దో హి వజ్ టయర్డ్ అనడం మేలు. ఆల్దో టయర్డ్ అని కుదించొచ్చు కూడా, రెండు ముక్కల కర్తా ఒకరే అయితే.

ఇంగ్ రూపంతో ఇంకో ప్రమాదం ఉంది. డిస్పైట్ బీయింగ్ హెవీ, ఐ లిఫ్టెడ్ ద బాక్స్. బరువు పెట్టెదని మీ ఉద్దేశం. వాక్యం ప్రకారం బరువున్నది మీరు. కామా తర్వాత వచ్చే కర్తే బీయింగ్ కి కూడా కర్త అవుతుంది.

మాటకారి
ఆ వాక్యం రాసినవాడు అలా అయినా పెట్టె ఎత్తాడు కదా, మెచ్చుకోవాలి.

ఎర్రపెన్ను
అన్‌లైక్ తోనూ ఇలాంటిదే. అన్‌లైక్ పెట్రోల్ కార్స్, ద మెయింటెనెన్స్ ఆఫ్ ఎలక్ట్రిక్ కార్స్ ఈజ్ సింపుల్. కార్లతో మెయింటెనెన్స్‌ని పోల్చారు. అన్‌లైక్ పెట్రోల్ కార్స్, ఎలక్ట్రిక్ కార్స్ ఆర్ సింపుల్ టు మెయింటెయిన్ అంటే కార్లతో కార్లు. అన్‌లైక్ వెనకున్నదీ, కామా తర్వాత వచ్చేదీ ఒకే జాతి కావాలి.

తెల్లకాగితం
ఆన్ ద కాంట్రరీ, ఆన్ ది అదర్ హ్యాండ్ ఒకటేనా? జాబితాల్లో పక్కపక్కనే ఉంటాయి.

అక్షరకూలీ
ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఆన్ ద కాంట్రరీ అంటే అనుకున్నది తప్పు, నిజం దానికి పూర్తిగా ఎదురు అని. చాలాసార్లు దాని ముందు ఒక నాట్ ఉంటుంది. ద టెస్ట్ వజ్ నాట్ ఈజీ. ఆన్ ద కాంట్రరీ, ఇట్ వజ్ ద హార్డెస్ట్ ఆఫ్ ద ఇయర్. జాగ్రత్తగా చూడండి, ఆ రెండు వాక్యాలూ ఒకే వైపు ఉన్నాయి. సులువు కాదు, పైగా చాలా కష్టం. ఎదురు చెప్పేది పరీక్ష సులువన్న అభిప్రాయానికి.

ఆన్ ది అదర్ హ్యాండ్ ఏదీ తప్పనదు. ఒకే విషయానికి రెండో వైపు చూపిస్తుంది. లివింగ్ అలోన్ ఈజ్ చీప్. ఆన్ ది అదర్ హ్యాండ్, ఇట్ కెన్ బి లోన్లీ. రెండూ నిజమే. ఇక్కడ ఆన్ ద కాంట్రరీ పెడితే చీప్ అన్నది అబద్ధమని చెప్పినట్టవుతుంది, వాక్యానికి అర్థమే ఉండదు.

ఇన్ కాంట్రాస్ట్ కి రెండు వేర్వేరు వస్తువులు కావాలి. కాన్వర్స్‌లీ కి అదే సంబంధం తిరగబడాలి. ధర పెరిగితే గిరాకీ తగ్గుతుంది, కాన్వర్స్‌లీ ధర తగ్గితే గిరాకీ పెరుగుతుంది. ఉత్త తేడాకు కాన్వర్స్‌లీ వాడకూడదు.

ప్రూఫుకాపీ
ఆన్ కాంట్రరీ అని ద మింగేయడం, ఇన్ కాంట్రాస్ట్‌తో కలిపేసి ఇన్ కాంట్రరీ అనడం కూడా చాలా కనిపిస్తాయి. రూపం ఆన్ ద కాంట్రరీ. వెనక నామవాచకం కావాలంటే కాంట్రరీ టు.

గాలిపటం
ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాసేవాళ్లకు ఇవి ఎన్ని వాడితే అంత మంచిదని కోచింగుల్లో చెబుతారు. పేరాకు మూడు నాలుగు లింకింగ్ మాటలు కొట్టమంటారు.

ఎర్రపెన్ను
ఆ సలహా వల్లే మార్కులు పోతాయి. రైటింగ్‌కి నాలుగు కొలమానాలుంటాయి, నాలుగిటికీ సమాన బరువు. అందులో ఒకటి కోహెరెన్స్ అండ్ కోహీషన్, అంటే రాతలో పొందిక, వాక్యాల మధ్య ముడి. దాని బ్యాండ్ వివరణలు, అంటే ఏ స్కోరుకు రాత ఎలా ఉండాలో చెప్పేవి, బయటే ఉన్నాయి, ఎవరైనా చదవొచ్చు. లింకింగ్ మాటలు మితిమీరి వాడటం బ్యాండ్ 5 వివరణలో లోపంగా ఉంది. యాంత్రికంగా వాడటం బ్యాండ్ 6 లో కూడా లోపమే. బ్యాండ్ 9 దగ్గరికొచ్చేసరికి వాక్యాలను కలిపిన తీరు చదివేవాళ్ల దృష్టిలో చాలా అరుదుగా తప్ప పడకూడదు. ప్రతి వాక్యం మొదట్లో హౌఎవర్, నెవర్‌దలెస్, ఆన్ ది అదర్ హ్యాండ్ దండలా గుచ్చితే ముందు కనపడేవి అవే.

టాస్క్ 2 కి, అంటే రైటింగ్‌లో వ్యాసానికి, కనీసం 250 మాటలు, సూచించే సమయం 40 నిమిషాలు. అంత చిన్న వ్యాసంలో వాక్యం మొదట్లో ఇవి రెండు మూడుసార్లు వస్తే ఎక్కువే అంటాను. ఇది నా అంచనా, నిబంధన కాదు.

సెమీకోలన్
దానికి తోడు, ఆల్దో, వేరాజ్ లాంటివి వాడితే సంక్లిష్ట వాక్యం తయారవుతుంది. అది గ్రామర్ కొలమానంలోనూ పనికొస్తుంది. హౌఎవర్ వాడితే రెండూ మామూలు వాక్యాలుగానే మిగులుతాయి. ఎంచుకునే వీలుంటే ఆల్దో వైపు మొగ్గండి.

మాటకారి
బట్ తో వాక్యం మొదలుపెట్టకూడదని బడిలో నేర్పారు. పేరాలో రెండు వాక్యాలు అలాగే ఉన్నాయి, ఎవరూ అనలేదేంటి?

ఎర్రపెన్ను
తప్పు కాదు కాబట్టి. మంచి ఇంగ్లీషు వచనంలో అలా మొదలయ్యే వాక్యాలు కోకొల్లలు. పిల్లలు ప్రతి వాక్యాన్నీ అండ్, బట్ తో మొదలుపెడుతుంటే ఆపడానికి చెప్పిన మాట, పెద్దయ్యాక సూత్రమై కూర్చుంది. పరీక్ష వ్యాసంలో తగ్గించండి. మామూలు రాతలో హౌఎవర్ కంటే బట్ మొదలే చురుగ్గా ఉంటుంది.

చిత్తుప్రతి
అసలు మాట ఇంకా ఎవరూ అనలేదు. కొన్నిచోట్ల ఏ మాటా అక్కర్లేదు. ది ఓల్డ్ పంప్ బర్న్స్ డీజిల్. ద న్యూ వన్ నీడ్స్ నన్. తేడా మాటల్లోనే ఉంది, మధ్యలో బట్ ఎందుకు? లేదా ఆ పని క్రియకే అప్పగించండి. డిఫర్స్ ఫ్రమ్, కాంట్రడిక్ట్స్, ఔట్‌వెయ్స్. ద సేవింగ్స్ ఔట్‌వెయ్ ద ప్రైస్. ఆల్దో లేదు, హౌఎవర్ లేదు, వాదన పూర్తయింది. బట్‌లు ఎక్కువైతే నేను ముందు చూసేది ఏది తీసేయొచ్చని. మార్చడం తర్వాత.

రెండోడ్రాఫ్ట్
దానికి చేయాల్సిన పని ఇది. రాయడం పూర్తయ్యాక ఫైండ్ తెరిచి బట్ వెతకండి. పూర్తి పదం మాత్రమే వెతికే ఎంపిక పెట్టుకోండి, లేదంటే బటన్, బటర్, డిస్ట్రిబ్యూషన్ కూడా పట్టుకొస్తుంది. ఒక్కోదాన్నీ అక్షరకూలీ గారి మూడు పనుల్లో ఏదో చూడండి. సరిదిద్దే బట్‌ను వదిలేయండి. మిగతావాటిలో ఒకే పేరాలో రెండు మూడు ఉంటే, ముందు తీసేయగలిగింది తీసేయండి, తర్వాత ఒకదాన్ని ఆల్దోగా మార్చండి. విషయం నిజంగా మలుపు తిరిగే చోట మాత్రమే హౌఎవర్. తర్వాత హౌఎవర్ కోసం ఇంకోసారి వెతికి దాని ముందు కామా ఉందేమో చూడండి. వాక్యం మధ్యలో చొప్పించింది అయితే సరే, రెండు పూర్తి వాక్యాల నడుమ ఉంటే దిద్దాలి.

నీలిసిరా
హౌఎవర్ తర్వాత కామా లేకపోతే అర్థమే మారిపోయే సందర్భం ఉంది. హౌఎవర్ హార్డ్ హి ట్రైడ్, ద డోర్ స్టేడ్ షట్. ఎంత ప్రయత్నించినా అని. అక్కడ కామా పెట్టకూడదు. అన్ని హౌఎవర్‌లకూ గుడ్డిగా కామా తగిలించకండి.

తెల్లకాగితం
వైల్ సంగతి? టైమ్ కి కూడా అదే మాట కదా.

సెమీకోలన్
అందుకే జాగ్రత్త. ద టీచర్ టాక్డ్ వైల్ ద స్టూడెంట్స్ రోట్. మాట్లాడుతుండగా రాశారనా, ఆవిడ మాట్లాడితే వీళ్లు మాత్రం రాశారనా? కామా లేకపోతే ఎక్కువగా టైమ్ అనే చదువుతారు, కామా పెడితే తేడా అని. సందేహం మిగిలితే వేరాజ్ వాడండి, దానికి టైమ్ అర్థం లేదు.

ప్రూఫుకాపీ
అక్షరాలు కూడా ఒకసారి. ఈవెన్ దో రెండు మాటలు, కలిపి రాయకూడదు. ఇన్ స్పైట్ రెండు మాటలు. వేరాజ్, నెవర్‌దలెస్, నన్‌దలెస్, ఆల్‌బీయిట్ ఒక్కొక్కటీ ఒకే మాట.

గాలిపటం
ఆల్‌బీయిట్ ఎక్కడ వాడతారు? ఆల్బెయిట్ అని పలికేవాళ్లను విన్నాను.

అక్షరకూలీ
ఆల్, బి, ఇట్ మూడు కలిసిన మాట, అలాగే పలకాలి. దాని వెనక ఎక్కువగా ఒక విశేషణమో చిన్న ముక్కో వస్తుంది. ఎ స్టెడీ, ఆల్‌బీయిట్ స్లో, రికవరీ. ఒప్పుకుంటూనే కాస్త తగ్గించి చెప్పడం. ఇక్కడ హౌఎవర్ పట్టదు. నొక్కి చెప్పాలంటే యెట్, స్లో యెట్ స్టెడీ. మెయిల్లో ఆల్‌బీయిట్ కనిపిస్తే కొంచెం డాబుగా ఉంటుంది, నివేదికలో పర్లేదు.

మాటకారి
మాట్లాడేటప్పుడు నెవర్‌దలెస్ అంటే జనం తల తిప్పి చూస్తారు. నోటితో అయితే ఏం వాడాలి?

నీలిసిరా
నోటితో బట్ చాలు, అక్కడ ఎన్నిసార్లు వచ్చినా ఎవరూ లెక్కపెట్టరు. మార్పు కావాలంటే దో ని చివర పెట్టండి. ఇట్స్ ఎక్స్‌పెన్సివ్. ఇట్ వర్క్స్, దో. ఆల్దో ని అలా చివర పెట్టలేం. ఎక్స్‌పెన్సివ్ దో ఇట్ ఈజ్ అని విశేషణం ముందుకు తెచ్చే వాక్యంలో కూడా దో గానీ యాజ్ గానీ, ఆల్దో రాదు.

తెల్లకాగితం
చివరగా ఒకటి. స్టిల్ ని వాక్యం మొదట్లో పెట్టొచ్చా?

ప్రూఫుకాపీ
పెట్టొచ్చు, అర్థం మారుతుంది. హి స్టిల్ హాజ్ నాట్ రిప్లైడ్ అంటే ఇంకా జవాబివ్వలేదు. స్టిల్, కామా, హి హాజ్ నాట్ రిప్లైడ్ అంటే ఏదేమైనా జవాబివ్వలేదు. రెండోదానికి ముందు వాక్యంలో ఏదో చెప్పి ఉండాలి, వుయ్ రోట్ టు హిమ్ ట్వైస్ లాంటిది. ఊరికే ఇంకా అనడానికైతే దాన్ని క్రియ దగ్గరే ఉంచండి.